కూసో అని రాసిన గడి

నేను నీళ్ల నెపంతో పారిపోయినదాన్ని. "మీకు చావంటే భయం లేదా సిస్టర్?" అని ఎవరైనా అడిగితే నాకు ముందు అదే గుర్తొస్తుంది. ఎనభైల్లో, కరీంనగర్‌లో నేను నర్సింగు చదివిన మొదటి ఏడాది. ఆడవాళ్ల వార్డులో ఏడో మంచం మీద వేములవాడ దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలవ్వ ఉండేది. ఒక మధ్యాహ్నం ఎగశ్వాస పెడుతూ నా చెయ్యి పట్టుకుని, "బిడ్డా, జరన్ని నీళ్లియ్యి. నన్నిడిసి పోకు," అంది. ఆమె వేళ్లు చల్లబడుతున్నాయి. "తెస్తనవ్వా," అని చెయ్యి విడిపించుకున్నాను. వరండా దాకా నడిచాను, ఆ తర్వాత ఉరికాను. హాస్టల్ వెనక బట్టలుతికే బండ మీద కూర్చుని ఏడ్చి ఏడ్చి తిరిగి వెళ్లేసరికి ఆమె ముఖం మీద దుప్పటి కప్పేశారు.

ట్యూటర్ మేడం అందరి ముందే కడిగేసింది. "ఇంకొక్కసారి గిట్ల ఉరికితివనుకో, మీ బాపును పిలిపిస్త. ఈ పని నీతోని గాదని చెప్పి పంపిస్త."

ఇజ్జత్ పోయింది. హాస్టల్‌లో నా పక్కన కూర్చుని అన్నం తినేవాళ్లు లేకుండా పోయారు. నిజానికి వాళ్లకూ నా భయమే. నాది బయటపడింది, వాళ్లది పడలేదు, అంతే తేడా.

ఆ ఆదివారం మేడం పాత క్యాలెండర్ వెనక వైకుంఠపాళి గీసుకొచ్చింది. నిచ్చెనల కింద "చేతులు కడుక్కున్నవు" లాంటి మాటలు, పాముల నోటి దగ్గర "మందు మరిచినవు" లాంటివి. పైన, గెలుపుకు రెండు గడుల ముందు, అన్నిటికన్నా పెద్ద పాము: "పేషెంట్ చనిపోయిండు." అది మింగితే మళ్లీ మొదటికే. మా భయం పోగొట్టాలని పాపం ఆమె తాపత్రయం. అమ్మాయిలు గవ్వలేస్తూ ఒకటే నవ్వులు. నా చింతగింజ తిన్నగా పోయి ఆ పాము నోట్లోనే పడింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గవ్వలు విసిరికొట్టాను. "మనిషి సచ్చుడు గూడ మా తప్పేనా మేడం? గా అవ్వ సచ్చిపోతె నేను ఓడినట్టా?"

ఇక మూటాముల్లె సర్దుకోవలసిందే అనుకున్నాను. మేడం మాత్రం పటం చుట్టుకుని వెళ్లిపోయింది.

మరుసటి ఆదివారానికి ఆ పాము మీద తెల్లకాగితం అంటించి ఉంది. గడిలో ఒకటే మాట: కూసో. అందులో పడినవాళ్లు మూడు చుట్లు గవ్వలు ముట్టకూడదు, మాట్లాడకూడదు. ఎవరైనా తమ వంతు వదులుకుని వచ్చి పక్కన కూర్చోవచ్చు. నా ఖర్మ కాకపోతే, మొదట పడింది మళ్లీ నేనే.

మూడు చుట్లంటే ఎంతసేపు? చాయ్ చల్లారేంత సేపు. వాళ్లు గవ్వలేస్తున్నారు, కేకలు పెడుతున్నారు, తొండి అని కొట్లాడుకుంటున్నారు. వాళ్ల నడుమనే ఉన్నాను, నా వంక చూసినవాళ్లు లేరు. గెలిచే ఆటలో వంతు ఎవరు వదులుకుంటారు? ఒక్కరూ రాలేదు.

"ఎట్లనిపించింది?" అని అడిగింది మేడం.

"ఒక్కదాన్నే అయిపోయినట్టున్నది మేడం."

"గా అవ్వకు గూడ గట్లనే ఉండె," అంది మెల్లగా. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

కొన్ని వారాలకు నన్ను మగవాళ్ల వార్డులో వేశారు. శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడైన తాత ఒకాయన అక్కడున్నాడు. కొడుకు దుబాయిలో, రాలేదు. నా డ్యూటీ అయిపోయింది, హాస్టల్‌లో అన్నం గంట కూడా కొట్టేశారు. తాతకు ఎగశ్వాస మొదలైంది. పెద్ద సిస్టర్ వచ్చి చూసి, ఇక చేసేదేం లేదన్నట్టు తలాడించి పోయింది. ఆయన కళ్లు నా మీదే ఉన్నాయి. సిగ్గు లేకుండా నోటికి ఆ పాత మాటే వచ్చింది.

"తాతా, నీళ్లు తేవాల్నా?"

"నీళ్లొద్దు బిడ్డా. జర కూసో."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను. కళ్లు మూసుకునే అడిగాడు, "పోయినవా?"

"పోలే తాతా, ఈడనే ఉన్న."

చాలాసేపటికి ఇంకోసారి అడిగాడు. అదే చెప్పాను. మూడోసారి అడగలేదు.

ఆయన కళ్లు నా చేతులతోనే మూశాను, దవడకు గుడ్డ కట్టాను, ఒళ్లు తుడిచాను. పారిపోలేదు. అయినా సంతోషం కలగలేదు. చేతులు కడుక్కుని, గ్లాసు నిండా నీళ్లు ముంచుకుని ఆడవాళ్ల వార్డుకు నడిచాను. ఏడో మంచం మీద ఇంకో పెద్దామె ఉంది.

"నేను నీళ్లడగలే గద బిడ్డా?" అంది.

"నువ్వు గాదవ్వా. నీకంటె ముందున్నామె అడిగింది."

ఆమె నా ముఖం వంక చూసింది. గ్లాసు అందుకుని, దూప లేకున్నా, మొత్తం తాగింది.