టాంకరు వచ్చిన రెండు రోజులు

ఆ బుధవారం ఉదయం నుంచి నేను కుర్చీలో కూర్చోలేదు. మరునాడు పదకొండు గంటలకు నా పరిశోధక విద్యార్థిని కమిటీ ముందు నిలబడి, తన అంశాన్ని వదులుకుంటున్నానని చెప్పబోతోంది. అందుకు రాసిన కాగితం మీద నా సంతకం ఒక్కటే మిగిలింది.

ఆమె ఊరు కరువు సీమలోని బెళుగుప్ప. కణంలో సరుకు మోసే చిన్న సంచులు ఎప్పుడు బయలుదేరాలో నిర్ణయించే ప్రోటీన్లపై పని చేస్తోంది. వాటిలో ఒకటి నీటిలో ఉన్నంతసేపు తనలోకి తాను ముడుచుకొని ఉంటుంది. కణపొరకు అంటుకున్నప్పుడే విచ్చుకొని, పక్కనున్న ప్రోటీన్‌ను మేల్కొలుపుతుంది. అప్పుడే సంచి కదులుతుంది. అంటే అనుమతి ఇచ్చేది పొరేనని మా అంచనా. దాన్ని పరీక్షించడానికి, పొరకు బదులుగా కొవ్వుతో అతి సన్నని బుడగలు చేసి, ప్రోటీన్లతో కలిపి యంత్రంలో పెడతాం. ప్రోటీన్ మేల్కొంటే తెర మీది గీత పైకి లేవాలి.

పదకొండుసార్లు చేసింది. తొమ్మిదిసార్లు గీత లేవలేదు. లేచిన ఆ రెండింటినీ నమ్మకూడదని నేనే చెప్పాను. నీ చెయ్యి నిలకడగా లేదని కూడా అన్నాను.

సంతకానికి ముందు ఆ పదకొండు తేదీలను సరిచూద్దామని, నిలబడే డైరీ పేజీలు తిప్పాను. ప్రయోగం, ఎండ, కాలేజీకి నీళ్ల టాంకరు వచ్చిన రోజు, అన్నీ అందులో రాస్తాను. గీత లేచిన రెండు తేదీల కిందా టాంకరు వచ్చినట్టు రాసి ఉంది. మిగిలిన తొమ్మిదింటిలో ఒక్కదాని కిందా లేదు.

గాజు గొట్టాలు కడిగే అటెండరును పిలిచి, ఎలా కడుగుతున్నాడో అడిగాను. అతను నన్ను వింతగా చూశాడు.

"బోరు ఎండినప్పుడు, సబ్బు పెట్టినాక రెండుసార్లకి మించి నీళ్లు పోయొద్దని గోడకి కాయితం అంటించింది మీరే గదా మేడమ్. టాంకరొచ్చిన దినం మాత్రం మనసారా కడుగుతాండా. దానికీ లెక్క రాస్తారని నాకేం తెలుసు?"

సబ్బు కొవ్వును కరిగిస్తుందని గిన్నెలు తోమే వారెవరికైనా తెలుసు. గాజుకు అంటి మిగిలిపోయిన సబ్బు మా బుడగలను చెదరగొడుతూ ఉండాలి. పొర లేకపోతే ప్రోటీన్ ముడుచుకునే ఉంటుంది. బుడగలు అక్కర్లేని తొలి దశ ప్రయోగాలలో ఈ లోపం బయటపడలేదు.

నా విద్యార్థినిని పిలిచి, తప్పు నా నియమంలో ఉండవచ్చన్నాను. తరువాతి టాంకరు శుక్రవారం; అప్పటికి కమిటీ అయిపోతుంది. స్టాఫ్ రూములోని తాగునీటి క్యాను నేనే ఎత్తుకొచ్చాను. మరి మా టీ సంగతేమిటని సహోద్యోగి ఒకాయన ఎగతాళి చేశారు. సగం గొట్టాలను రెండుసార్లు, సగం గొట్టాలను ఎనిమిదిసార్లు కడిగించాను. అటెండరు ప్రతిసారీ బిగ్గరగా లెక్కపెట్టాడు, నాకు వినబడాలనే.

నాలుగు గంటలకు యంత్రం ముందు నిలబడ్డాం. రెండుసార్లు కడిగిన గొట్టంలో గీత పడుకునే ఉంది. ఎనిమిదిసార్లు కడిగిన దానిలో నిమిషంలోపే లేచింది. మూడు జతలలోనూ అంతే.

ఆమె తెర వైపే చూస్తూ అడిగింది: "అంటే నా చెయ్యి బాగనే ఉండాది గదా మేడమ్?"

బాగానే ఉందన్నాను. ఆ మాట డైరీలో రాయమంది. ఆమె ఎదుటే రాసి, దాని కింద సంతకం చేశాను. అంశం వదులుకునే కాగితాన్ని మాత్రం సంతకం లేకుండా తిరిగి ఇచ్చేశాను.

గోడ మీది నియమాన్ని చింపబోతుంటే అటెండరు అడ్డుపడ్డాడు. "ఎనిమిదిసార్లకి నీళ్లు యాడ తెస్తారు మేడమ్?"

కమిటీకి చూపడానికి ఇంకో రెండు జతలైనా కావాలి. క్యానులో మిగిలింది మూడు లీటర్లు. ఒక్కో గొట్టానికి ఎంత వస్తుందో నిలబడే లెక్క వేయడం మొదలుపెట్టాను.