నాలుగు వందల పదిహేడో బావి

పోయిన వారం ఆఫీసు బీరువా సర్దుతుంటే అడుగున ఒక పొడవాటి రేకు గొట్టం దొరికింది. మూత తీయగానే అమ్మోనియా వాసన ముక్కుకు తగిలింది. పాత రోజుల్లో అమ్మోనియా ఆవిరితో పటాల నకళ్లు తీసేవారు, ఆ వాసన. ఇన్నేళ్లయినా పూర్తిగా పోలేదు. కళ్లలో నీళ్లు తిరిగితే అమ్మోనియా ఘాటని పక్కనున్న ఆఫీసు పిల్లలకు చెప్పాను. అబద్ధం. ఆ వాసన వస్తే నాకు విఠలయ్య సార్ గుర్తుకొస్తారు. నారాయణగూడలో నకళ్లు తీయించుకుని, చుట్టలు చంకలో పెట్టుకుని, ఆటో ఎక్కకుండా చిక్కడపల్లి దాకా నడిచొచ్చేవారు. ఆయన మెట్లెక్కక ముందే ఆ ఘాటు పైకొచ్చేది. మేం చాయ్ గ్లాసులు దాచేసి బుద్ధిమంతుల్లా కూర్చునేవాళ్లం.

తొంభైల నడుమ మాట ఇది. సర్కారులో పటాలు గీసి రిటైరైన సార్, చిక్కడపల్లిలో ఒక టైలరు దుకాణం పైన మూడు గదులు కిరాయికి తీసుకుని, కాగితం పటాలను కంప్యూటర్లోకి ఎక్కించే పని మొదలుపెట్టారు. నేను అశోక్‌నగర్ నుంచి నడిచివచ్చే కొత్త ఉద్యోగిని. భూగోళంలో ఫస్టు క్లాసు వచ్చిందని కాస్త తల ఎగరేసుకుని తిరిగేదాన్ని. మా చేతికొచ్చిన పెద్ద పని కృష్ణ ఒడ్డున సరిహద్దు ఊళ్ల బావులూ బోర్లూ. ఇవతల మన మహబూబ్‌నగర్, అవతల కన్నడ రాష్ట్రం. భూమి కింది నీళ్లు సరిహద్దు చూసి ఆగవు కనుక రెండు వైపులా కలిపి ఒకటే జాబితా. ప్రతి బావికీ మేం ఒక నంబరు ఇవ్వాలి. అవతలి రాష్ట్రంలోని నీటి పరీక్షల ఆఫీసు వాళ్లు నీళ్లు పరీక్ష చేసి, ఏ నంబరు నీళ్లు తాగొచ్చో, దేంట్లో ఫ్లోరైడ్ ఎక్కువుందో రాసి పంపాలి. మేం దాన్ని పటంలోకి ఎక్కించి అచ్చు వేస్తే, ఊళ్లో మంచి బోరుకు నీలం రంగు, చెడ్డదానికి ఎరుపు రంగు పూస్తారు. నెలకోసారి మా ఫ్లాపీ అవతలికి పోయేది. దాని మీద ఎన్నో కూర్పో, పోయిన కూర్పు నుంచి ఏం మారిందో రాయనిదే సార్ కవరు అంటించనిచ్చేవారు కాదు.

ఆయనకొక అలవాటు ఉండేది. ఆఫీసుకు ఎవరొచ్చినా, కరెంటు బిల్లు తెచ్చినవాడైనా సరే, "ఏ ఊరన్నా మీది?" అని అడిగి, ఆ ఊరు పటంలో వెతికి చూపించేదాకా వదిలేవారు కాదు. పని చెడుతోందని మేం లోలోపల విసుక్కునేవాళ్లం. పక్కన అపార్ట్‌మెంటు కడుతుంటే అక్కడ ఇసుక మోసే బాలమ్మ మా రంజన్ కుండలో చల్లటి నీళ్లకోసం వచ్చేది. పాతికేళ్లు కూడా ఉండవు. ఇద్దరు పిల్లల్ని ఊళ్లో అత్త దగ్గర వదిలి వచ్చింది. ఆమె ఊరు మా పటంలోదే. ఒకరోజు సార్ కొత్త నకలు నేలమీద పరిచి ఆమెను పిలిచారు.

"ఇగో, మీ ఊరు. బడి కాడ కొత్త బోరు పడ్డది గద? నీళ్లు మంచిగున్నయని వచ్చింది."

బాలమ్మ చెంబు కింద పెట్టింది. "ఎవలు చూసిన్రు సార్? సీసల నీళ్లు పట్కపోనికి ఎవలూ రాలే. రంగైతే ఏసిపోయిన్రు. నీలం ఏసిన్రని మా అత్త పాత బావికి పోవుడు బంద్ చేసింది. నా పిల్లలు గవే తాగుతున్నరు."

సార్ రిజిస్టరు తెప్పించారు. కొత్త బోరు నంబరు నాలుగు వందల పదిహేడు. రిజిస్టరులో ఆ నంబరు మీద వేరే ఊరి చేదబావి ఉంది, దాని పక్కన 'పూడ్చేశారు' అని సార్ చేతిరాత. ఆ బావి నీళ్లు మంచివని అవతలి వాళ్లు ఎప్పుడో రాసుకున్నారు. ఆ ఫలితమే నంబరు పట్టుకుని వచ్చి, ఎవరూ పరీక్ష చేయని బోరు మీద కూర్చుంది.

"ఈ నంబరు ఎవరిచ్చిన్రు?"

"నేనే సార్. జాబితాలో ఖాళీగా కనిపిస్తే నింపాను." వరుస అందంగా ఉంటుందని నింపాను. ఆ నెల ఫ్లాపీ మీద 'మార్పులేమీ లేవు' అని కూడా రాశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

"ఖాళీగ లేదు బిడ్డా. ఆడ ఒక బావి ఉండె," అన్నారు సార్. "నంబరంటే కిరాయి ఇల్లనుకున్నవా, ఒకరు పోతే ఇంకొకరిని దింపనీకి? బావి పోయినా నంబరు దానిదే. ముగిసిందని రాయాలె, అంతే."

అచ్చు తప్పని చెప్పి సరిచేద్దామా అని నసిగాను. ఉద్యోగం పోతుందని భయం. ఆయన బాలమ్మ వైపు తిరిగి, "తప్పు మాది. రేపు పొద్దుగాల బస్సుకు పోదాం," అన్నారు.

ముగ్గురం వెళ్లాం. ఆయన సంచిలో రెండు సీసాలు, ఒక ఎర్రరంగు డబ్బా. ఊళ్లో దిగగానే సీసాలు నింపి, ఆ అరవయ్యేళ్ల మనిషి మోకాళ్ల మీద కూర్చుని నీలం మీద ఎరుపు పూశారు. "పరీక్ష అయ్యేదాక ఎరుపే." తర్వాత నన్ను బాలమ్మ అత్త ముందుకు తోశారు. "చెప్పు. నా నోటితోని కాదు, నీ నోటితోని."

చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసింది. "నంబరు తప్పైతే నీళ్లెట్ల తప్పైతయి బిడ్డా?"

 సారే అందుకున్నారు. "సచ్చిపోయినోని మందు చీటీ మీద బతికున్నోనికి మందులిస్తే ఎట్లుంటదమ్మా? గట్లైంది."

ఆమె లేచి, ఇంట్లో ఉన్న రెండు బిందెలూ వాకిట్లో పారబోసింది.  నన్ను తిట్టినా బాగుండేది. బాలమ్మ కూతురు తల్లి కొంగు పట్టుకుని నన్ను చూసి నవ్వింది. నేను ఆ పిల్ల పళ్లే చూస్తున్నాను, ఫ్లోరైడ్‌కు గార పట్టాయేమోనని. తెల్లగా ఉన్నాయి. తాగింది రెండు నెలలే. బస్టాండులో ఏడుపు ఆపుకోలేకపోతే సార్ జామకాయలు కొని, ఒకటి ఉప్పు కారం అద్ది నా చేతిలో పెట్టారు. ఫలితం పది రోజులకు వచ్చింది. ఫ్లోరైడ్ ఎక్కువ. ఎరుపు ఎరుపుగానే ఉండిపోయింది.

మార్పుల పుస్తకంలో నా చేతనే రాయించారు: ముగిసిన నంబరును కొత్త బోరుకు ఇవ్వడం నా తప్పు, ఈ కూర్పు నుంచి దానికి వేరే నంబరు. ఆ కాగితం నకలు అవతలి ఆఫీసుకు పోతుంటే నా పరువు పోతున్నట్టే అనిపించింది. మర్నాడు పుస్తకం తెరిస్తే నా వాక్యం కింద ఇంకో వాక్యం ఉంది. 'చూడకుండా సంతకం పెట్టడం నా తప్పు. విఠలయ్య.' నన్ను పనిలోంచి తీసేయలేదు. ఆ తర్వాత ఆయన నా జాబితాలు ప్రతి వరుసా వేలు పెట్టి చదివేవారు. నాకది ఎప్పుడూ అవమానంగా తోచలేదు. అంత ప్రేమగా నా రాతను ఇంకెవరూ చదవలేదు.

సార్ పోయి చాలా ఏళ్లయింది. ఆఫీసు ఇప్పుడు నేనే చూస్తున్నాను. మా దగ్గర ఎవరు ఏ గీత గీసినా దాని వెనక వాళ్లు ఆఫీసులో చేరిన వరుస నంబరు పడుతుంది. నాది ఆరు. మొన్న చేరిన అమ్మాయి ఆ నంబర్ల జాబితా చూసి, "మేడమ్, ఒకటో నంబరు ఖాళీగానే ఉంది కదా, నాకిచ్చేయండి," అంది సరదాగా. రేకు గొట్టం ఇంకా నా బల్ల మీదే ఉంది.

"ఖాళీగ లేదు బిడ్డా," అన్నాను. "ఆడ ఒక మనిషి ఉండె."