సిస్టమ్‌ని అడిగి చెప్తాను

గోవర్ధనరావుగారు సిస్టమ్‌ని అడగకుండా కాఫీలో పంచదార కూడా వేయించుకునేవారు కాదు. పొద్దున్నే హైమవతి గ్లాసు తెచ్చి పెడితే, ఆయన ల్యాప్‌టాప్ తెరిచి నిన్నటి షుగరు, ఇవాళ్టి ఎండ, సాయంత్రం తినబోయే బొబ్బట్టు, అన్నీ అందులో కొట్టి, అది ఒప్పుకున్నాకే తాగేవారు. ఈలోగా కాఫీ చల్లారేది. ఆయనతోపాటు తాగుదామని కూర్చున్న భార్యదీ చల్లారేది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఇప్పుడు హైమవతి కాఫీ వేడిగానే తాగుతోంది. రోజూ నాలిక కాలుతోంది.

మామూలు బుర్ర కాదు ఆయనది. బందరులో ఆయన పనిచేసిన రొయ్యల కంపెనీకి ఊరినిండా అప్పులే. ఎవరికి ముందు కట్టాలి, ఎవరిని గడువడగాలి అన్నది తేల్చే ఈ సిస్టమ్‌ని తనే కూర్చుని తయారుచేశారు. ఏ అప్పుకి వడ్డీ ఎంత, కట్టకపోతే కంపెనీకి వచ్చే నష్టమేమిటి అన్నవి ఎక్కిస్తే చాలు, చిటికెలో వరస చెప్పేసేది. ఓనరు శివరామయ్యగారు కన్నకొడుకు మాట వినరు, ఆడిటరు మాట వినరు. ఆ కంప్యూటరు గదిలోకి మాత్రం చెప్పులు విప్పి వెళ్ళేవారు. ఓసారి దాని ముందు కొబ్బరికాయ కొట్టబోతే, తడిస్తే కాలిపోతుందండీ అని గోవర్ధనరావుగారే చెయ్యి పట్టుకు ఆపారు.

ఇంట్లో ల్యాప్‌టాప్‌లోనూ అదే సిస్టమ్, అదే వరస.

"ఏవండీ, పప్పులో మామిడికాయ వెయ్యనా, దోసకాయ వెయ్యనా?"

"అడిగి చెప్తాను."

"ఎవర్ని? దేవుణ్ణా?"

"దేవుడి దగ్గర డేటా ఎక్కడుంది హైమా?"

సిస్టమ్ దోసకాయంది. తీరా చూస్తే కాయ చేదు.

"రుచి చూసి చెప్పొద్దూ? చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది!" అని ఆయనే ఎదురు కేకలేశారు.

ఓ వేసవిలో రొయ్యల ధర పడిపోయింది. కంపెనీలో ఉన్న డబ్బు బ్యాంకు వాయిదాకో, రొయ్యలు పట్టి తెచ్చిపోసే హంసలదీవి పడవలవాళ్ళ బాకీకో, ఒక్కదానికే సరిపోతుంది. చూస్తే సముద్రంలో వేట నిషేధం రేపో మాపో. ఆ రెండు నెలలూ పడవ కదలకూడదు. చేతిలో డబ్బు లేకపోతే ఆ ఇళ్ళల్లో పొయ్యి వెలగదు.

"ముందు బ్యాంకు" అనేశారు శివరామయ్యగారు.

మర్నాడే పడవలవాళ్ళ తరఫున పున్నమ్మ బస్సెక్కి నేరుగా గోవర్ధనరావుగారింటికొచ్చింది.

"బాబుగారూ, మా డబ్బులు?"

"సిస్టమ్‌ని అడిగి చెప్తానమ్మా."

వంటింట్లో హైమవతి తల కొట్టుకుంది. ఆయన మాత్రం పున్నమ్మని కుర్చీలో కూర్చోబెట్టి మొదలుపెట్టారు. ఇంట్లో ఉన్న బియ్యం ఎన్నాళ్ళొస్తాయి? మేం ఇవ్వకపోతే అప్పెక్కడ పుడుతుంది?

"అవతలి రేవు షావుకారు ఇస్తానన్నాడు బాబూ. తీసుకుంటే ఇంక మా సరుకంతా ఏటికేడూ ఆడికే పొయ్యాల."

"అదీ మాట!" అంటూ ఆయన సంబరంగా టకటకా కొట్టేశారు.

"ఏంది బాబూ ఇది, పెళ్ళిచూపులా? మీ పెద్దాయనకి నోటితో ఒక్క ముక్క చెప్పలేరా?"

ఆయన గొంతు తగ్గించారు. "నేను చెబితే జాలి అంటారమ్మా. అది చెబితే లెక్క అంటారు. దానికి మీ సంగతంతా తెలియాలిగా మరి!"

తలుపు చాటున హైమవతి చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

సిస్టమ్ తేల్చేసింది. ముందు పడవలు. అవి పోతే సరుకు లేదు, సరుకు లేకపోతే ఏ బ్యాంకుకీ వాయిదా లేదు. బ్యాంకుని గడువడగాలి. శివరామయ్యగారు తెరకి దణ్ణం పెట్టి మరీ సంతకం చేశారు. బ్యాంకూ గడువిచ్చింది.

నిన్న మధ్యాహ్నం పున్నమ్మ వచ్చి వసారాలో కూలబడింది.

"ఈ ఏడూ అడక్కుండానే ముందు మాకే ఇచ్చారమ్మా. సిస్టమే చెప్పిందని ఆఫీసులో కొత్తమ్మాయి అంది. బాబుగారు పోయినా దానికి మేం గుర్తున్నాం చూడండి!"

"నయం, మీరైనా గుర్తున్నారు. మా పెళ్ళిరోజు మాత్రం దానికి ఒక్కనాడూ చెప్పలేదు మహానుభావుడు" అంది హైమవతి.

ఇద్దరూ పకపకా నవ్వారు. లోపల మినప్పప్పు ఎప్పుడో నానిపోయింది, రుబ్బాలి. హైమవతి లేవలేదు. కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంది.