ఒకే సాక్షి, రెండు తీర్పులు

మా సీనియర్ గారు పోయారన్న కబురు నాకు బాపట్ల బస్టాండులో అందింది. ఫోన్ చేసింది మా ఆఫీసు గుమాస్తా. రేపల్లెలో వాళ్ల ఇంట్లోనే, పొద్దున్న కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్లిపోయారట. గుమాస్తా ఏడుస్తూనే, వాడరేవు అప్పీళ్లు వచ్చే నెలలోనే కదండీ అన్నాడు. చావు కబురు చెబుతూ వాయిదాల ఊసెత్తుతాడేంటని కోపం వచ్చింది. రేపల్లె బస్సెక్కి కూర్చున్నాక నా బుర్రలోనూ అదే తిరుగుతోందని తెలిసి, ఆ కోపం నా మీదకే మళ్లింది.

ఆయన దగ్గర జూనియర్‌గా చేరి నాకు చాలా ఏళ్లయింది. ఆఫీసు తెనాలిలో, కాపురం రేపల్లెలో. రోజూ రైల్లో వచ్చి రైల్లోనే వెళ్లేవారు. కారు కొనుక్కోవచ్చు కదండీ అంటే, రైల్లో అయితే క్లయింట్లు దొరకరు, కునుకు దొరుకుతుంది అనేవారు. అదంతా ఉత్త మాటే. వేమూరు దాటేలోపే ఎవరో ఒకరు పక్కన చేరి కాగితాలు విప్పేవారు, ఆయన కళ్లజోడు పెట్టుకునేవారు. జేబులో ఎప్పుడూ జీలకర్ర పొట్లం ఉండేది. తీర్పు చెప్పే రోజు మాత్రం అది కూడా ముట్టేవారు కాదు.

మొదటిసారి మా ముద్దాయి మీద కేసు కొట్టేసినప్పుడు నేను కోర్టు వరండాలోనే "గెలిచాం సార్" అని గట్టిగా అనేశాను. "మనం గెలవలేదమ్మాయ్, వాళ్లు వదిలారు," అన్నారు. నా సంబరం మీద నీళ్లు చల్లారని ఆ సాయంత్రమంతా మూతి ముడుచుకునే ఉన్నాను. ఆ మాట ఎంత లోతైందో వాడరేవు కేసు వచ్చేదాకా నాకు తెలియలేదు.

వాడరేవులో ఇద్దరు అన్నదమ్ములు, ఒకే పడవ మీద వేటకు వెళ్లేవాళ్లు. వలల దగ్గర తగాదాలో ఒక మనిషి చనిపోయాడు. అన్నదమ్ములిద్దరూ తెడ్లతో కొడుతుంటే చూశానని ఐసు దిమ్మలు మోసే మనిషి ఒక్కడు చెప్పాడు. పొద్దు పొడిచే వేళ, ఒడ్డంతా మంచు, సాక్షి నిలబడ్డది కాస్త దూరంలో. పోలీసులకు అన్న దొరికాడు, తమ్ముడు ఎటో పోయాడు. అందుకని అన్న ఒక్కడి మీదే ముందు విచారణ జరిగింది, అతని తరఫున సార్ వాదించారు. అంత మంచులో, అంత దూరం నుంచి మనిషిని పోల్చుకున్నానంటే నమ్మలేమని జడ్జిగారు రాశారు. అన్న ఇంటికెళ్లాడు.

కొన్నాళ్లకు అతనే ఆఫీసుకు వచ్చి, తమ్ముణ్ణి తీసుకురమ్మంటారా అని అడిగాడు. సార్ ఎప్పుడూ ఏ మాటకూ అప్పటికప్పుడు జవాబివ్వరు. ఆ రోజు ఇచ్చారు. సాక్షి అతనే, సాక్ష్యం అదే, తీసుకురా అన్నారు. తమ్ముడు వచ్చి లొంగిపోయాడు.

ఈసారి జడ్జిగారు వేరే. సాక్షి పొల్లుపోకుండా పాత మాటే చెప్పాడు, సార్ పాత ప్రశ్నలే వేశారు. ఆఖర్న, నీ మీద వచ్చిన సాక్ష్యానికి నువ్వేమంటావని ముద్దాయినే అడుగుతారు. ఆ కుర్రవాడికి ఏం చెప్పాలో సార్ ముందే నేర్పి ఉంచారు. కానీ ఆ ఇంట్లో పడవ మీదైనా ఒడ్డునైనా పైవాళ్లతో మాట్లాడేది పెద్దవాడే. అన్న ఎదురుగా ఉండగా తమ్ముడు నోరు విప్పితే మర్యాద తప్పినట్టే. అతను వెనక బెంచీలో కూర్చున్న అన్న వైపు తిరిగి చూసి, "మా అన్న చెప్తాడండి," అన్నాడు. సార్ కళ్లు మూసుకున్నారు.

రోజూ ఒడ్డున చూసే మనుషుల్ని మంచులోనైనా నడకను బట్టి పోల్చుకోవచ్చని ఈ జడ్జిగారు రాశారు. ముద్దాయి సమాధానం చెప్పలేకపోయాడని కూడా రాశారు. యావజ్జీవం వేశారు.

అప్పటినుంచి సార్ రెండు తీర్పులూ నాచేత పైకి చదివించుకునేవారు. ముందు అన్నది, తర్వాత తమ్ముడిది. ఒక సాయంత్రం నాకు విసుగొచ్చి, ఇందులో ఏది తప్పో తేల్చండి సార్ అన్నాను. "రెండూ సబబుగానే ఉన్నాయమ్మాయ్. నా భయం అదే," అన్నారు. మామూలు మనుషులే కూర్చుని నేరం తేల్చే జ్యూరీలున్న రోజుల సంగతులు ఆయన గురువుగారు చెప్పేవారట. ఒకే సాక్ష్యం మీద ఒకణ్ణి వదిలి ఇంకొకణ్ణి పట్టేవాళ్లట, ఎందుకో చెప్పేవారు కాదట. ఇప్పుడు ఎందుకో పేజీలకు పేజీలు రాస్తున్నారు, లోపలున్నవాడికి దానివల్ల ఒరిగిందేంటి అనేవారు సార్. తమ్ముణ్ణి తీసుకురా అనేసిన ఆ ఒక్క మాట ఆయన్ని లోపల్లోపల తినేస్తోందని నాకు తెలుసు. చూడలేకపోయేదాన్ని.

హైకోర్టులో తమ్ముడి అప్పీలు వేశాం. ఒకే సాక్ష్యం మీద రెండు రకాల తీర్పులు నిలవకూడదన్నదే మా వాదన. ఇంతలో, అన్నను వదిలేయడం తప్పంటూ ప్రభుత్వం కూడా అప్పీలు వేసింది. రెండూ కలిపి వింటామన్నారు. ఆ సంగతి తెలిసిన రోజు సార్ రైలు వదిలేసుకుని ఆఫీసులోనే కూర్చుండిపోయారు. "రెండూ ఒక్కటి కావాలని మనమే అడుగుతున్నాం. ఎటువైపు ఒక్కటవుతాయో మన చేతుల్లో లేదు," అన్నారు. ఆ మాట ఎత్తకుండా వాదించే దారి వెతికారు. దొరకలేదు. తమ్ముడికున్న బలమంతా అన్న తీర్పే.

అన్నను పిలిపించి ఏదీ దాచకుండా చెప్పారు. తమ్ముడి కోసం రెండు తీర్పులూ ఒక్కటి కావాలన్న మాట అంటే, నువ్వు కూడా లోపలికి వెళ్లొచ్చు అన్నారు. ఆ ఉదయం ఒడ్డున ఎవరు కొట్టారో సార్ ఎప్పుడూ అడగలేదు, ఆ రోజూ అడగలేదు. అనకపోతే ఆడు బయటికొస్తాడా అని అతను అడిగాడు. కష్టమే అన్నారు సార్. ఆలోచించుకుని వస్తానని వెళ్లాడు. అతను తిరిగొచ్చేలోపే సార్ పోయారు.

రేపల్లెలో క్రైస్తవుల సమాధుల తోట దగ్గర ప్రార్థన పాటలు అయిపోయి మట్టి వేస్తుంటే, ఆ వరసలో అతనూ కనిపించాడు. తన వంతు మట్టి వేసి వెళ్లిపోయాడు. నాలుగు రోజులాగి తెనాలి ఆఫీసుకు వచ్చాడు. సార్ కుర్చీ వైపు చూసి, కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"సార్ అనాలనుకున్న మాటే అనండమ్మా."

తెలిసే అంటున్నావా అని అడిగాను. తెలిసేనండి అన్నాడు. చేతిలో ఉన్న గుడ్డ సంచీ బల్ల మీద పెట్టాడు. అందులో రెండు లుంగీలు, ఒక తువ్వాలు, పళ్లపొడి.

"ఇది మీ దగ్గరే ఉంచండి. ఇంట్లో సర్దుకుంటే మా ఆవిడకి తెలిసిపోద్ది," అన్నాడు.

అప్పీళ్లకు ఇంకా టైముంది. సంచీ సార్ కుర్చీ పక్కన నేల మీద ఉంది. పొద్దున్నే ఊడ్చడానికి వచ్చే ఆవిడ దాన్ని పక్కకు జరిపి, ఊడ్చి, మళ్లీ అక్కడే పెట్టి వెళుతోంది.