వేడి మీద కొలత

నలభై దాటాక డిప్లొమా చదవడానికి ప్రతి ఆదివారం హోసూరు నుంచి కృష్ణగిరికి బస్సులో వెళ్లేవాణ్ణి. ఒకనాడు మాస్టారు లెక్క ఇచ్చారు: నూరు మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు షాఫ్టు ఇరవై డిగ్రీలు వేడెక్కితే ఆ వ్యాసం ఎంత పెరుగుతుంది? అందరికంటే ముందు చేశాను. సున్నా పాయింట్ సున్నా రెండు మూడు మిల్లీమీటర్లు. పెన్ను కింద పెట్టాక, ఆ అంకెను ఇదివరకే చూశానని గుర్తుకొచ్చింది.

తొంభైల్లో ఒక చిన్న ఫ్యాక్టరీలో నేను ఇన్‌స్పెక్టర్‌ని. బేరిగై నుంచి వచ్చే ఒక పెద్దాయన లేత్ మీద షాఫ్టులు చేసేవాడు. అవి మెషీన్ దిగగానే మైక్రోమీటరు పెట్టి, రెండు పాయింట్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతులు రెండు, ఎక్కువుంది, ఇంకొంచెం తీయమనేవాణ్ణి.

"రవంతసేపు ఉండప్పా, టీ తాగొచ్చి చూద్దాం. నేను చూసినప్పుడు సరిగానే ఉంటాది."

"నీ మైక్రోమీటరు నీకంటే ముసలిదన్నా," అని నవ్వేవాణ్ణి.

ఆయన మళ్లీ తీసేవాడు. మర్నాడు తుది తనిఖీలో అవే షాఫ్టులు కొలత తక్కువై తుక్కులోకి పోయేవి. చెయ్యి వణుకుతోందని రిపోర్టు రాసింది నేనే. ఆయన్ను మెషీన్ నుంచి తప్పించారు. వారం తిరక్కుండానే రావడం మానేశాడు.

షాఫ్టు వేడిగా ఉందని నా వేళ్లకు అప్పుడే తెలుసు. వేడికి లోహం వ్యాకోచిస్తుందని బడిలో చదివాను కూడా. ఆ రెండింటినీ కలపడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. ఆ లెక్క చేసిన నాటినుంచి, వేడి స్టీలు గ్లాసు ముట్టుకున్నా పక్కన ఆయన నిలబడి ఉన్నట్టే ఉండేది.

చివరికి బేరిగై వెళ్లాను. అరుగు మీద రోజాపూలు కట్టలు కడుతున్నాడు.

"వేడి మీద కొలిచినానన్నా. తప్పు నీ చేతిది కాదు, నాది."

ఆయన కట్ట ముడి బిగించి పక్కన పెట్టాడు.

"అప్పుడు దినమూ నీళ్ల చెంబు పట్టుకొని చూసుకుంటా ఉన్నానప్పా. నీళ్లు కదల్లే. అయినా నువ్వు చదివినోడివి, నువ్వు రాసిందే నిజమనుకున్నాను."

ఇంకో కట్టకు పూలు ఏరుకున్నాడు.

"ఇప్పుడన్నా ఆడ చల్లారినాక కొలుస్తారా?"

"కొలుస్తారన్నా," అన్నాను.

నేను అప్పటికీ అదే ఫ్యాక్టరీలో ఉన్నాను. చల్లారాకే కొలవాలని అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ రిపోర్టు సంగతీ చెప్పాలి.