నేను సీసాలో పట్టుకెళ్లిన గేర్ ఆయిల్

మానుకోట దగ్గర మిషన్ దవాఖానలో నేను నర్సుగా చేరేనాటికే అక్కడి వ్యాను ముసలిదైపోయింది. ఎత్తు ఎక్కుతుంటే గేర్ల మూలుగు ఊరవతలికి వినిపించేది. దాన్ని నడిపే డ్రైవరును మేమంతా అన్న అనేవాళ్లం; ఆయన మాత్రం బండిని ఎవరినీ ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. గార్ల వైపు పల్లెల నుంచి కాన్పు కష్టమైన ఆడవాళ్లను, పాము కరిచినవాళ్లను తెచ్చేది ఆ ఒక్క బండే.

వానలకు ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి అన్న గేర్ ఆయిల్ మార్చేవాడు. బండిని రెండు మైళ్లు తిప్పి తెచ్చి, నూనె వేడిమీద ఉండగానే గేర్ల పెట్టె కింద పళ్లెం పెట్టి, నూనె దిగే మర విప్పేవాడు. అంతకంటే ముందు పక్కనున్న, నూనె పోసే రంధ్రం మర వస్తుందో రాదో చూసుకునేవాడు.

“గది బిగుసుకపోయిందనుకో సిస్టరమ్మా, కింద ఖాళీ జేసి ఏం లాభం? బండి ఆడనే కూసుంటది.”

దిగిన నూనెను వేళ్ల మధ్య రుద్దేవాడు. ఇత్తడి పొడి తగిలితే ముఖం ముడుచుకునేవాడు. కొత్త నూనె ఆముదంలా చిక్కగా ఉండేది. పలుచటిది పోస్తే బండి తేలిగ్గా పోతుంది కదా అని ఒకసారి అడిగాను.

“కొత్త బండికైతే నడుస్తదేమో. దీని పళ్లు అరిగి సందులైనయి. పలుచటిది నిలువది, అంచుల కాడ కారిపోతది. ముసలిదానికి చిక్కటిదే గావాలె” అన్నాడు. పక్క రంధ్రంలోంచి చుక్క జారేదాకా పోసి అప్పుడు మర బిగించాడు.

సైన్యం వచ్చి నిజాం పాలన పోయిన మరుసటి ఏడు, వానాకాలం చివర, జనగామ పోలీసు క్యాంపు నుంచి మనుషులు వచ్చారు. సంఘం వాళ్లు, అంటే కమ్యూనిస్టులు, అడవుల్లో ఉన్నారనీ, వాళ్లను వెతకడానికి వ్యాను కావాలనీ అన్నారు. డాక్టరమ్మ సెలవు మీద వాళ్ల దేశం పోయింది. దవాఖాన నా చేతిలో ఉంది. రోగుల గతేమిటని అడిగాను. తాళంచెవి లాక్కున్నారు. బండి తీసుకుపోతున్నట్టు కాగితమూ ఇవ్వలేదు. అన్నను కూడా వద్దన్నారు, తమ డ్రైవరు ఉన్నాడట. అన్న కొత్త గేర్ ఆయిల్ పోసి అప్పటికి వారం కూడా కాలేదు. పోసినప్పుడు దీపం పట్టుకున్నది నేనే.

పద్దెనిమిది రోజులు మాకు బండి లేదు. ఆ రోజుల్లోనే గార్ల అవతల నుంచి ఒక బాలింతరాలిని ఎడ్లబండి మీద తెచ్చారు. దారిలోనే ఆమె ప్రాణం పోయింది. ఆమె తల్లి నా కొంగు పట్టుకుని, “మోటరు ఏది బిడ్డా?” అని అడిగింది.

పందొమ్మిదో రోజు వ్యానును లారీకి కట్టి ఈడ్చుకొచ్చారు. ఘనపూర్ దాటాక గేర్ పళ్లు విరిగాయట. దిగీ దిగగానే అన్న రెక్కలు పట్టుకున్నారు. “సంఘం మనిషివి నువ్వు. కావాలనే ఆయిల్ తీసేసి బండి ఇచ్చావు” అంటూ లారీ ఎక్కించారు.

నాకు ఒళ్లు మండిపోయింది. తెల్లచీర దోపుకుని నేనే వ్యాను కిందికి దూరాను. మర విప్పితే కారింది చిక్కటి నూనె కాదు. నల్లగా, పలుచగా, కమురు వాసనతో నీళ్లలా కారింది. మొదట రెండు గుక్కెళ్లు విరిగిన పాలలా తెల్లగా వచ్చాయి. దాన్ని ఒక మందు సీసాలో పట్టాను. అన్న డబ్బాలో మిగిలిన మంచి నూనె ఇంకో సీసాలో పోశాను. మర్నాడు రైలెక్కి జనగామ పోయాను.

రెండు రోజులు గేటు దగ్గర నిలబెట్టారు. మూడో రోజు లోపలికి పిలిచారు. అధికారి కోస్తా నుంచి వచ్చినవాడు.

“సార్, గిది జూడుండ్రి. గిది మా అన్న పోసిన నూనె, గది మీ తాన నుంచి వచ్చినంక బండిల నుంచి దిగింది” అన్నాను.

ఆయన పక్కవాళ్లను చూసి నవ్వాడు. “గిదంట, గదంట! సూది పొడుచుకునే దానివి, గేర్ ఆయిల్ సంగతి నీకేం తెలుసమ్మా?”

“మా అన్న నూనె తీసేసి ఇచ్చిండంటిరి. మరి గీ నల్లది ఎవరు పోసిండ్రు? ఖాళీ పెట్టెలకు దానంతటదే వచ్చెనా?”

నవ్వు ఆగింది. క్యాంపు లారీలు బాగుచేసే ముసలి మేస్త్రీని పిలిపించారు. ఆయన చూపుడు వేలు ముంచి, వాసన చూసి, తల వంచుకుని చెప్పాడు.

“గేర్ ఆయిల్ గాదు సాబ్. ఇంజన్ల నుంచి తీసిన పాత ఆయిల్. బండిని వాగుల దించిండ్రు, పెట్టెలకు నీళ్లు బోయినయి. ఉన్నది పారబోసి చేతికి దొరికింది పోసిండ్రు. గిట్ల జేస్తే పళ్లు ఇరగక ఏమైతయి?”

అధికారి సీసాలు పక్కకు నెట్టాడు. “సరే, పంపించేస్తాం లెండి” అన్నాడు. అంతే.

నాలుగు రోజులకు అన్న వచ్చాడు. కుడిచేతి వేళ్లు వాచి మడత పడటం లేదు. నేను కట్టు కడుతుంటే, “ఇడిసిపెట్టు సిస్టరమ్మా, ప్రాణంతోని వచ్చిన గద” అన్నాడు. నేను విడిచిపెట్టలేకపోయాను. తప్పు చేసిన క్యాంపు డ్రైవరు హాయిగా లారీ నడుపుకుంటున్నాడు. తప్పు పట్టుకోగలిగిన మనిషి ముద్ద కలుపుకోలేకపోతున్నాడు.

ఇంకో పాత బండి పళ్లు తెచ్చి వ్యానును బాగుచేసుకున్నాం. అన్న చేయి అప్పటికి కుదురుకోలేదు కాబట్టి, ఆయన చెబుతుంటే నూనె నేనే పోశాను. నెల తిరిగేలోగా అన్న మళ్లీ బండి పట్టుకున్నాడు, అంతలోనే క్యాంపు వాళ్లు మళ్లీ వ్యాను కోసం వచ్చారు. తాళంచెవి నా జాకెట్లో ఉంది. తీసుకుపోతున్నట్టు రాసివ్వాలన్నాను, మా అన్నే నడపాలన్నాను. రాసిచ్చేది లేదన్నారు. అయితే ఇయ్యనన్నాను. గుమ్మంలోంచి కదల్లేదు. తిట్టుకుంటూ వెళ్లిపోయారు.

ఆయిల్ తీసేశాడని క్యాంపు కాగితాల్లో అన్న మీద రాసిన అబద్ధాన్ని కొట్టేయమని మూడు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు.