దిగనన్న కృపావరం

మూడు రోజుల ముసురు తర్వాత ఆ ఉదయం ఎండ పొడిచింది. మార్కాపురం అవతలి పలకరాయి గనుల్లో ఎండ పొడిచిందంటే పని మొదలైనట్టే. కృపావరం సద్దిగిన్నె షెడ్డులో పెట్టి గని అంచుకు నడిచాడు. మిగతావాళ్ళంతా అడుగున ఎన్ని నీళ్ళు నిలిచాయోనని కిందికి తొంగిచూస్తున్నారు. అతను మాత్రం తన కాళ్ళ దగ్గర చూశాడు. గని అంచుకూ, వెనక పోసిన ముక్కరాళ్ళ గుట్టకూ మధ్య నేల నెర్రె విచ్చి ఉంది. వానకు ముందు అందులో చీపురుపుల్ల పట్టేది కాదు. ఇప్పుడు చెయ్యి దూరిస్తే మణికట్టు దాకా పోయింది.

"యల్లయ్యన్నా, ఇట్ల రా ఒకసారి."

మేస్త్రీ యల్లయ్య వచ్చి వంగి చూశాడు. రాళ్ళలోనే తల నెరిసిన మనిషి. చూడగానే మొహం మారింది గానీ మాట మారలేదు.

"వానకు నేల విచ్చుకుంటాది లేబ్బా. మనుషుల్ని దించు. ఈ పొద్దు రాయి ఎత్తకపోతే లారీ పోదు. మద్రాసులో ఓడ మన కోసరం నిలబడదు."

"దీని ఎనకాల గుట్ట ఉందన్నా. జారితే అంతా గనిలోకే."

"అది నువ్వూ నేనూ చెప్పేది కాదు. ఓనరు నరసింహులన్న చెప్పాల."

"సరే, ఆయన్నే చెప్పనీ. నేనైతే దిగను."

ఆ మాట అతను పెద్దగా అనలేదు. అయినా గడ్డపారలు భుజాన వేసుకున్నవాళ్ళు ఆగిపోయారు. రాళ్ళు మోసే మల్లి తలమీది చుట్టకుదురు తీసి చేతిలో పట్టుకుంది. కృపావరం ఇట్లాంటి మాట అనడం వాళ్ళెవరూ వినలేదు. పుల్లలచెరువు వైపు ఊళ్ళ నుంచి వచ్చి, మూడేళ్ళుగా తల వంచుకుని పని చేసుకుపోయే మనిషి. ఆదివారం చర్చికి పోవడం, సోమవారం గనికి రావడం తప్ప అతని గురించి చెప్పుకోవడానికి ఎవరికీ ఏమీ లేదు.

అప్పుడే అడుగు నుంచి మోటారు చప్పుడు లేచింది. కృపావరం గభాలున వెనక్కి తిరిగాడు.

"కింద ఎవరుండారు?"

"డానీ," అంది మల్లి. "తెల్లారక ముందే దిగినాడు, నీళ్ళు తోడనీకి."

డానీ అతని బామ్మర్ది, భార్య ఎలీషబాకు తమ్ముడు. ఈ పనిలో పెట్టించింది కృపావరమే. అంచున నిలబడి కేకలు వేశాడు. తువ్వాలు ఊపాడు. మోటారు హోరులో ఏం వినపడుతుంది? డానీ నెర్రె ఉన్న గోడ కిందనే వంగి పైపు సర్దుకుంటున్నాడు. వాడికి ఫోన్ చేస్తే, ఆ ఫోను షెడ్డులో చొక్కా జేబులోనే మోగింది.

ఇంకెవరినైనా పంపుదామంటే నోరు రాలేదు. దిగనని అందరి ముందూ అన్నవాడు, అన్న కాసేపటికే దారి పట్టాడు.

గనిలోకి దారంటే అవతలి గోడను చెక్కిన మెట్లు. వానకు నాచు పట్టి జారుతున్నాయి. దిగుతున్నంతసేపూ ఎదురుగా నెర్రె విచ్చిన గోడే కనిపిస్తోంది. పొరలు పొరలుగా నల్లటి రాయి, ఒక పొరలోంచి నీళ్ళు కారుతున్నాయి. నిన్నటి దాకా అక్కడ తడి లేదు. యేసయ్యా అనుకున్నాడు గానీ ఆ తర్వాత ఏమడగాలో తోచలేదు.

"పైకి రా, డానీ."

"ఏంది బావా, ఇంకా సగం నీళ్ళు కూడా పోలేదు."

"మోటారు ఆపు. గోడ విచ్చింది."

"నరసింహులన్న రాత్రే చెప్పి పంపినాడు, నీళ్ళు తీసేదాకా కదలొద్దని. ఈ మోటారు పని నాకు పర్మనెంటు చేస్తానన్నాడు. నువ్వు పో, నేను వస్తా."

కృపావరం వాదించలేదు. వంగి మోటారు ఆపేశాడు. గనిలో ఒక్కసారిగా నిశ్శబ్దం కమ్ముకుంది. ఆ నిశ్శబ్దంలో ఇద్దరికీ వినపడింది. గోడ పైభాగాన ఎక్కడో చిన్న రాళ్ళు ఒకదాని వెనక ఒకటి దొర్లి, వచ్చి నీళ్ళలో పడ్డాయి. డానీ బావ మొహం చూశాడు. ఇంకేం మాట్లాడకుండా పైపు వదిలేసి మెట్ల వైపు పరుగెత్తాడు.

పైకి వచ్చాక కృపావరం షెడ్డు ముందు నేల మీద కూలబడ్డాడు. ఆయాసం తీరాక కూడా లేవలేదు. ముందు మల్లి వచ్చి కూర్చుంది. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి కూర్చున్నారు. యల్లయ్య ఒక్కడే నిలబడి, ఫోను చెవికి పెట్టుకుని, "రాండన్నా, మీరే రాండి," అంటున్నాడు.

అట్లా నేల మీద గుంపుగా కూర్చోవడం కృపావరానికి కొత్త కాదు. అందుకే భయం ఎక్కువైంది.

ఖతార్‌లో ఒక రాళ్ళ కంపెనీలో అతను చాలా ఏళ్ళు పని చేశాడు. అక్కడ అతనికి ఒక కార్డు ఉండేది. దాని మీద ఫోటో, పేరు, నంబరు, కంపెనీ పేరు. ఎండాకాలంలో పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా బయట పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వం చట్టం పెట్టింది. విజిల్ మోగితే రంపాలు ఆగాలి. మొదటిసారి ఆ విజిల్ విన్నప్పుడు, ఎండకు లెక్క పెట్టే దేశం కూడా ఉందా అని అతనికి ఆశ్చర్యం వేసింది. కానీ ఒక వేసవిలో కంపెనీవాళ్ళు రంపాలను రేకుల కిందికి జరిపి, ఇది బయట కాదు, లోపలే అన్నారు. రేకుల కింద మనుషులు కళ్ళు తిరిగి పడ్డారు. నేపాలీలు, బెంగాలీలు, తెలుగువాళ్ళు కలిసి, పనికి పోయే బస్సు ఎక్కేది లేదని క్యాంపు ముందు నేల మీద కూర్చున్నారు. పరాయి దేశపు కూలీలకు అక్కడ సమ్మె హక్కు లేదు. ఎవరు మొదలుపెట్టారని అడిగితే క్యాంపు బాసు నలుగురిని వేలు పెట్టి చూపించాడు. ఆ నలుగురిలో కృపావరం ఒకడు. కట్టుబట్టలతో విమానం ఎక్కించారు.

ఊరికి వచ్చినప్పుడు ఎలీషబాతో ఒకటే అన్నాడు. "ఈడ ఎవరూ నన్ను దేశం దాటించలేరు గదా."

నరసింహులు కారు దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఆయన నెర్రె దాకా వెళ్ళి చూసి వచ్చాడు. చెడ్డ మనిషి కాదు, చదువుకునే పిల్లల పలకలు ప్లాస్టిక్కు అయిపోయి గనులన్నీ మూతపడుతున్న రోజుల్లో, పై దేశాల ఇళ్ళ కప్పులకు రాయి పంపే ఆర్డరు పట్టుకొచ్చి వీళ్ళకింత పని నిలబెట్టినవాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, వీళ్ళకూ తెలుసు.

"ఏంది కృపావరం, గల్ఫు రూల్స్ ఈడ చెప్తాండావంట?"

"గల్ఫులో ఇట్ల కూర్చుంటే ఇంటికి పంపినారన్నా. ఈడ కూర్చుంటే ఏం జేస్తారో తెలీదు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"మా కంపెనీకి మిషన్లు బిగించనీకి ఇటలీ ఆయన వచ్చేటోడు," అన్నాడు కృపావరం. "వాళ్ళ దేశంలో గూడ ఇట్లాంటి గనులే. గోడ కదిలిందని పనోడు బయటికొస్తే ఆ పొద్దు కూలి పోదంట, పని పోదంట. చట్టంలోనే ఉందంట. మనం పంపే రాయి అట్లాంటి దేశాలకే గదన్నా పొయ్యేది."

"వాళ్ళు రాయికిచ్చే రేటు నాకిస్తే నేనూ పెడతా అట్లాంటి చట్టాలు," నరసింహులు గొంతు పెంచాడు. "ఈ ఆర్డరు తప్పితే ఇంకో ఆర్డరు రాదు. అప్పుడు గని మూసుకుని అందరం మార్కాపురం బజార్లో కూలికి కూర్చుందాం. దిగుతారా, లేదా?"

ఎవరూ లేవలేదు.

"సరే. దిగేవాళ్ళు దొరకరా నాకు?"

మధ్యాహ్నానికి ట్రాక్టరు వచ్చింది. దాంట్లో ఒరిస్సా నుంచి వచ్చి వేరే గనిలో పని చేసే మనుషులు. వాళ్ళకు ఇక్కడి సంగతి ఏమీ తెలియదు. గడ్డపారలు తీసుకుని మెట్ల వైపు నడిచారు. డానీ ఆవేశంగా లేచాడు. "వాళ్ళను అడ్డుకోవాల బావా, రాళ్ళు తీసుకోండి!"

కృపావరం వాడి రెక్క పట్టి కూర్చోబెట్టాడు. తనొక్కడే వెళ్ళి వాళ్ళకు ఎదురు నిలబడ్డాడు. దోహా క్యాంపులో నేర్చిన హిందీలో పలకరించాడు. ఏ ఊరు, పిల్లలెందరు అని అడిగాడు. యల్లయ్య "ఏయ్, జరుగు," అని అరుస్తున్నా జరగలేదు. వాళ్ళలో పెద్దవాడిని చెయ్యి పట్టుకుని నెర్రె దగ్గరికి తీసుకుపోయి, "చెయ్యి పెట్టి చూడు," అన్నాడు.

పొద్దున మణికట్టు దాకా పోయిన చెయ్యి ఇప్పుడు మోచేతికి దగ్గరగా పోయింది. ఆ పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకుని మట్టి దులుపుకున్నాడు. తన వాళ్ళతో ఒరియాలో రెండు మాటలన్నాడు. వాళ్ళు గడ్డపారలు కింద పెట్టేశారు.

నరసింహులు కారు డోరు పట్టుకుని కింద పెట్టిన గడ్డపారల వైపు చూశాడు. చివరికి ఫోను తీసి ప్రొక్లెయిన్‌కు కబురు చేశాడు. పొద్దు వాలే లోపల గుట్టను సగం దాకా వెనక్కి తోడించాడు. ప్రొక్లెయిన్ తొట్టి తగిలినప్పుడల్లా అంచు నుంచి పెళ్ళలు ఊడి ఖాళీ గనిలో పడుతున్నాయి. పెద్ద గోడ మాత్రం పడలేదు. అది పడేదో, పడకుండానే ఉండేదో ఎవరూ చెప్పలేరు.

మర్నాడు అందరినీ పనిలోకి రమ్మన్నారు. కృపావరాన్ని గేటు దగ్గరే ఆపి, "నీకు పని లేదు, పో," అన్నాడు యల్లయ్య, అతని కళ్ళలోకి చూడకుండా. గుంపులో వాళ్ళు ఆగారు. ఎవరో ఒకరు మాట్లాడతారని కృపావరం చూశాడు. మల్లి చుట్టకుదురు మళ్ళీ తల మీద పెట్టుకుంది. డానీ తల వంచుకుని లోపలికి పోయాడు.

ఆ సాయంత్రం ఎలీషబా తమ్ముణ్ణి గుమ్మం ఎక్కనివ్వలేదు. "నీ ప్రాణం కోసరం దిగినాడు రా మీ బావ. నీకు కాళ్ళెట్ల వచ్చినాయి రా పనికి పోనీకి?" అని ఏడ్చింది. ఖతార్‌లో విమానం ఎక్కించారు, ఇక్కడ గేటు బయట నిలబెట్టారు, తేడా అంతేనా అనుకున్నాడు కృపావరం.

వారం తర్వాత మార్కాపురంలో కార్మిక శాఖ ఆఫీసుకు పోయాడు. అధికారి విజయలక్ష్మి ఓపికగానే విన్నది.

"నువ్వు గనిలో పనివాడివా, షెడ్డులో పనివాడివా? గనైతే కేంద్రం వాళ్ళ కిందికి వస్తుంది, రాళ్ళు కోసే షెడ్డయితే మా కిందికి."

"పొద్దున గనిలో మేడం, తిండి తిన్నాక షెడ్డులో."

ఆమె చిన్నగా నిట్టూర్చింది. "అక్కడ పని చేస్తున్నట్టు ఏదైనా ఆధారం?"

కృపావరం దగ్గర ఏమీ లేదు. పరాయి దేశంలో నోరెత్తే హక్కు లేదు గానీ, తను ఫలానా కంపెనీ పనివాడినని చూపించుకునే కార్డు ఉండేది. సొంత దేశంలో నోరెత్తవచ్చు, సంఘం పెట్టవచ్చు, సమ్మె చేయవచ్చు. కానీ తను పనివాడినని చెప్పడానికి నోటిమాట తప్ప ఇంకేం లేదు.

ఆమె నరసింహులును పిలిపించింది. ఆయన యల్లయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చుని తాపీగా అన్నాడు: "ఈయన మా మనిషి కాదు మేడం. అప్పుడప్పుడూ వచ్చి కూలి చేసి పొయ్యేటోళ్ళు చానామంది. కావాలంటే మా మేస్త్రీని అడగండి."

విజయలక్ష్మి యల్లయ్య వైపు తిరిగింది. కృపావరానికి క్యాంపు బాసు చూపుడు వేలు గుర్తొచ్చింది. కళ్ళు దించుకున్నాడు. యల్లయ్య తువ్వాలు ఒక భుజం మీంచి తీసి ఇంకో భుజాన వేసుకున్నాడు. నరసింహులు దగ్గాడు.

"మా మనిషే మేడం," అన్నాడు యల్లయ్య. "మూడేండ్ల నుంచి నా కిందనే చేస్తాండాడు. ఆ పొద్దు నెర్రె నేనూ చూసినా. దించమన్నది నేనే."

నరసింహులు మొహం నల్లబడింది. విజయలక్ష్మి ఆ మాటలు రాసుకుని యల్లయ్య చేత సంతకం పెట్టించింది. గని సంగతి గనుల భద్రతవాళ్ళకు తెలియజేస్తానని, షెడ్డు వరకు మాత్రం ఇతన్ని పనిలోకి తీసుకోకపోతే కేసు రాస్తానని చెప్పింది. బయట మెట్ల మీద కృపావరం, "ఎందుకన్నా, నీ పని గూడ పోతాదే," అన్నాడు. యల్లయ్య బీడీ ముట్టించుకుని, "పోనీ లేబ్బా," అని బస్టాండు వైపు నడిచాడు.

కృపావరాన్ని షెడ్డు పనికి తిరిగి తీసుకున్నారు. యల్లయ్య మేస్త్రీగిరీ మాత్రం నిజంగానే పోయింది. ఇప్పుడు షెడ్డులో రాయి చీల్చే పని చేస్తున్నాడు, కృపావరం పక్కనే. గనుల భద్రతవాళ్ళు వచ్చి చూసి వెళ్ళాక గోడ జారకుండా మెట్లు మెట్లుగా కోయించారు. ఆ ఆర్డరు ఆలస్యమైంది గానీ తప్పలేదు. నరసింహులు కృపావరంతో మాట్లాడడు. కబురేదైనా ఉంటే వేరేవాళ్ళతో చెప్పిస్తాడు.

పనివాళ్ళ సంఘం రిజిస్టరు చేయాలంటే కనీసం ఏడుగురు కావాలట. కృపావరం, యల్లయ్య, మల్లి, ఇంకో ఇద్దరు ఒప్పుకున్నారు. మొన్న డానీని కూడా అడిగాడు. మోటారు పని పర్మనెంటు అవుతుందని వాడింకా ఎదురుచూస్తున్నాడు.

"ఒక నెల చూస్తా బావా," అన్నాడు డానీ.

"చూడు," అని కృపావరం ఉలి చేతిలోకి తీసుకున్నాడు.